ఆ రోజు చీర మార్చుకోనివ్వలేదు

మా నాన్న ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో హమాలీ. బస్తాలు మోసీ మోసీ నడుము పట్టేశాక, మా చర్చి సంఘంవాళ్లు ప్రహరీకి ఆనుకుని ఉన్న గదిని ఆయనకిచ్చి, ఏదైనా చిన్న వ్యాపారం చేసుకొమ్మన్నారు. ఆయన వెదురు గంపలు, చాటల దుకాణం పెట్టాడు. అల్లేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సు మీద వేసుకుని తెచ్చేవారు.

వాళ్లతో నాన్న ఎప్పుడూ బేరమాడలేదు. అల్లినవాళ్లనే ధర చెప్పమనేవాడు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే సరుకు చూసేవాడు. ఇలాగైతే వ్యాపారం నిలవదని నేను గొణిగితే, "యేసయ్య వడ్లోళ్ల ఇంట్ల, కట్టె పని జేసుకుంట పెరిగిండు బిడ్డా. ఆయన చేతులు గూడ గిట్లనే కాయలు కాసి ఉంటయ్. గసుంటి చేతుల్ని తక్కువ జేసి మాట్లాడితే, మల్ల ఆయన ముంగట ఏ మొఖం పెట్టుకొని మోకరిస్తం?" అనేవాడు.

నాన్న పోయాక దుకాణం నా చేతికి వచ్చింది. అప్పటికే గంపల స్థానంలో ప్లాస్టిక్ తట్టలు వచ్చేశాయి. అల్లేవాళ్లు ఒక్కొక్కరే పని మానుకున్నారు. చివరిదాకా మానుకోనిది బాల్కొండ అవతలి ఊరి నుంచి వచ్చే ఒకావిడ. నాకన్నా పదేళ్లు పెద్దది. నేను అక్కా అంటే ఆమె చెల్లె అనేది. భర్త లేడు. ఒక్కతే కూతురు, నిజామాబాద్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆమె అల్లిన బుట్టలో నీళ్లు పోసినా నిలుస్తాయేమో అన్నంత బిగువుగా ఉండేది అల్లిక.

ఆ బుట్టల వల్లనే హైదరాబాద్‌లోని ఒక షాపు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. పండ్ల బుట్టలు, బల్బుల మీద వేలాడదీసే గూళ్లు అడిగారు. చేసినవాళ్లకు న్యాయమైన ధర ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఇదంతా నాన్న ప్రార్థనల ఫలమే అనుకున్నాను. కొన్నాళ్లకు ఆ షాపు మేడమ్ ఫోన్ చేసి, చేసినవాళ్ల ఫోటో ఒకటి కావాలంది. కష్టం కనబడాలి, అప్పుడే కొనేవాళ్ల మనసు కదులుతుందని చెప్పింది.

నేను ఆ ఊరికి వెళ్లేసరికి అక్క జ్వరంతో ఉంది. కీళ్లు పట్టేసి, వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు. అయినా పాత చీర కట్టుకుని, జుట్టు ముడేసుకోకుండానే బద్దలు చీలుస్తూ కూర్చుంది. ఫోన్ తీయగానే కత్తి పక్కన పెట్టింది.

"జర ఆగు చెల్లె, చీర మార్చుకొనొస్త."

"వద్దక్కా, గిట్లనే మంచిగుంటది," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, కొంగు మాత్రం సర్దుకుంది. నేను నాలుగైదు ఫోటోలు తీశాను. వాటిలో ఆమె తల వంచుకున్నది పంపాను.

తర్వాత ఆర్డర్లు పెరిగాయి. పని మానుకున్నవాళ్లలో ఇద్దరు మళ్లీ అల్లడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, మన దుకాణం వల్ల ఒక పేద విధవరాలి ఇల్లు నిలబడిందని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

పసుపు లారీలతో రోడ్డంతా నిండిన రోజుల్లో ఒక పొద్దున అక్క దుకాణానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఒక అట్టముక్క ఉంది, బుట్టకు కట్టి అమ్మేది. దాని మీద నేను తీసిన ఫోటో, కింద తెలుగులో ఒక వాక్యం: ఈ బుట్ట కొంటే ఈ తల్లి ఆకలి తీరుతుంది.

"మా బిడ్డ పనిజేసే షాపుల ఎవలో తెచ్చి చూపిచ్చిండ్రట. మీ అమ్మకు అన్నం పెడ్తలేవా అని అడిగిండ్రట. రెండు దినాల సంది అది నాతోటి మాట్లాడ్తలేదు," అంది.

"నేను రాయలేదక్కా. గది హైదరాబాదోళ్లు రాసిండ్రు."

"ఫోటో నువ్వే తీసినవ్ గద."

ఆమె గొంతు పెంచలేదు. "నేను ఆకలైతున్నదని నీకెప్పుడన్న చెప్పిన్నా చెల్లె? బుట్ట మంచిగున్నదని కొంటుండ్రనుకున్న," అంది.

ఒప్పుకున్న బుట్టలన్నీ వారంలో అల్లి పంపింది. ఒక్కదానిలో కూడా లోపం లేదు. అంతే, ఆ తర్వాత రాలేదు.

నేను మేడమ్‌కు ఫోన్ చేసి ఆ ఫోటో తీసేయమన్నాను. అట్టలు అచ్చయిపోయాయంది, ఫోన్లలో తిరిగేవాటిని తానేమీ చేయలేనంది. మంచి కోసమే కదా అంది. ఆ మాట వినగానే సిగ్గేసింది, ఎందుకంటే ఆ ఊళ్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆ షాపుకు సరుకు పంపడం మానేశాను. ఆ మానేయడం వల్ల మళ్లీ మొదలుపెట్టిన ఆ ఇద్దరి పని కూడా పోయింది. దాన్ని నేను ఏ విధంగానూ సరిచేయలేకపోయాను.

క్షమాపణ అడగడానికి అక్క ఇంటికి వెళ్లాను. చాయ్ పెట్టింది. వాకిట్లో పసుపు వ్యాపారి కోసం అల్లిన గంపలు పేర్చి ఉన్నాయి. ఆ వ్యాపారి పీనాసి అని మార్కెట్ అంతటికీ తెలుసు.

"గాయనకెందుకక్కా? సగం ధర గూడ ఇయ్యడు గద," అన్నాను.

"బేరమాడ్తడు. నేను గూడ ఆడ్త. గాని గంప పట్టుకొని పోయినోడు నన్ను జూసి అయ్యో పాపం అనడు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. తప్పయిందక్కా, మాఫ్ చెయ్యి అన్నాను. "కోపం లేదు. కోపముంటే చాయ్ పోస్తనా," అంది. మళ్లీ వస్తావా అని అడగబోయి ఊరుకున్నాను. నాన్న ధర విషయంలో పాటించిన న్యాయాన్ని నేనూ పాటించాను. అయితే ఆయన ఇచ్చింది ధర ఒక్కటే కాదని, అన్నేళ్లు పక్కన నిలబడి చూసినా నాకు అర్థం కాలేదు.

తర్వాత ఏడాది ఆమె వేళ్లు పూర్తిగా వంకర పోయాయి. ఇప్పుడు బీడీలు చుడుతుందని, అవి కూడా రోజుకు కొన్నే అవుతున్నాయని ఆ ఊరివాళ్లు చెప్పారు. కూతురు తల్లితో మాట్లాడుతుందట కానీ, వెదురు పని మాట మాత్రం ఎత్తనివ్వదట.

మొన్న బస్టాండ్‌లో కనబడింది. దవాఖానాకు వచ్చిందట. మా పిల్లల చదువులు అడిగింది, నా బీపీ ఎట్లుందని అడిగింది. దుకాణం గురించి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. బాల్కొండ బస్సు రాగానే, రాడ్‌ను వేళ్లతో పట్టుకోలేక మోచేతిని మెలివేసి ఎక్కింది. చేయి అందించడానికి ముందుకు వెళ్లాను. "వద్దు చెల్లె, నేనెక్కుత," అంది.