వణికే జ

మొన్న మా మనవరాలు స్కూలు ఫంక్షన్‌ల మాట్లాడేదున్నదని అద్దం ముందట నిలబడి ప్రాక్టీసు చేస్తున్నది. హిందీల రాసిచ్చిండ్రట. 'మహారాజ్' అనే కాడికొచ్చేవరకు పళ్ల సందుల నుంచి తేనెటీగను ఇడిసినట్టు ఆ జ ను ఝుమ్మనిపిస్తున్నది. "బిడ్డా, గది ఉత్త జ. గట్ల వణికియ్యద్దు" అన్న. "టీవీల అందరు ఇట్లనే అంటరు తాతా, ఇదే స్టయిలు" అన్నది. నాకు నవ్వు ఆగలే. నవ్వు అయిపోయినంక పాత ముచ్చట ఒకటి యాదికొచ్చింది. ఆ ఒక్క అక్షరంతోని నేను ఒక మనిషిని నిండు సభల పడగొట్టిన. అరవై ఏండ్లు దాటింది. తప్పు చేసినవా అని ఎవరన్న అడిగితే నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. సంతోషపడ్డవా అని అడిగితే మాత్రం ఉన్నది.

మాది చందూర్ దాపున చిన్న ఊరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు అప్పుడప్పుడే మా చెలకలకు ఎక్కినయి. అంతకుముందు జొన్న తప్ప ఎరుగని భూముల్ల చెరుకు మొలిచింది. చలికాలం వచ్చిందంటే బోధన్ రోడ్డు పొడుగునా బెల్లం వండే వాసన. మా బాపు కూడ బెల్లం వండేది. ఆయనకు అక్షరం రాదు గని కొడుకును చదివియ్యాలన్న పట్టుదల ఉండె. నన్ను నిజామాబాద్‌ల హైస్కూలుకు పంపి, ఖిల్లా రోడ్డు మీద పుస్తకాలు బైండింగు చేసే ఒక ముసలాయన ఇంటి ముందరి అర్రల ఉంచిండు. ఆయనను నేను చాచా అనేది. చదువంతా ఉర్దూల ఉండె ఆ రోజుల్ల. నాకేమో ఇంట్ల తెలుగు, అంగట్ల వచ్చీరాని మరాఠీ. చాచానే నాకు భాష పెట్టిండు. మైదా జిగురు వాసన, తోలు వాసన నడుమ కూసోబెట్టుకొని, బైండింగుకు వచ్చిన చినిగిన పుస్తకాలన్ని నాతోని పైకి చదివిచ్చేది.

ఉర్దూల రెండు జ లు ఉన్నయి. తెలుగు నోటికి రెండూ ఒక్కటే. చాచా సన్నని కాగితం ముక్కను నా పెదవుల ముందు పట్టుకునేది. ఉత్త జ పలికితే కాగితం ఒక్కసారి ఎగిరి ఊకుంటది. రెండోది పలికితే సన్నగ వణుకుతనే ఉంటది. "గిది వణికే జ, గది వణకని జ. మనిషిని ఎత్తేది ఒకటి, పడేసేది ఒకటి" అనేది. ఉదాహరణకు 'జలీల్' అనే మాట. వణకని జ తోని అంటే మహనీయుడు. వణికిచ్చి అంటే సిగ్గు శరం లేని నీచుడు. నెల రోజులు పట్టింది నాకు ఆ తేడా రానీకి.

హైస్కూలు గట్టెక్కినంక పట్నంల యూనివర్సిటీల చేరిన. అప్పటికి సొంత బిల్డింగులు కాలే. ఒక కిరాయి బంగ్లల హిస్టరీ చెప్తే ఇంకో బంగ్లల ఫిలాసఫీ. గంట కొట్టంగనే వందల మంది షేర్వానీలు ఏసుకొని రోడ్డు మీద ఈ బంగ్ల నుంచి ఆ బంగ్లకు ఉరికేది. మా ఊరు ఊరంతా కలిసినా అంతమంది కారు. మొదటి దినం నేను ఏ బంగ్లకు పోవాల్నో తెల్వక ఒక ఇంట్లకు పోతే, అది ఎవరో డాక్టరు సాబ్ ఇల్లు. రోగమేందని అడిగిండు.

ఆ గందరగోళంల నన్ను చెయ్యి పట్టుకొని నడిపిచ్చింది మా నిజామాబాద్‌ల ఒక వకీలు గారి కొడుకు. నాకంటె ఒక క్లాసు పైన. ఆయన హాస్టల్ రూములనే నాకు జాగ దొరికింది. అన్న అని పిలిచేది. నాకు షేర్వానీ లేకుంటే తన పాతది ఇచ్చిండు. మెస్సుల ఎట్ల కూసోవాల్నో, ప్రొఫెసర్‌కు సలాం ఎట్ల చెయ్యాల్నో చూపిచ్చిండు. ఇవన్ని రాస్తున్ననంటే, దాచిపెడితే అన్యాయమైతదని. ఆయన మంచితనం నిజమే. అందుకే నా పగ అంత ముదిరింది.

అన్నకు వేదిక మీద మాట్లాడుడంటే ప్రాణం. నిలువెత్తు మనిషి, గంట మోగినట్టు గొంతు. భాష మాత్రం అంతంత. మొదటేడు ఏదో సభల 'జిందగీ'ని ఉత్త జ తోని పలికితే అందరు నవ్విండ్రట. అప్పటి సంది ఉత్త జ అంటే పల్లెటూరి జ అని ఆయన మనసుల పడ్డది. కనపడ్డ ప్రతి జ ను వణికియ్యబట్టిండు. మా ఊరి జామపండు అడిగినా వణికిచ్చే అడిగేది. ఉపన్యాసాలు రాసిచ్చేది నేను. వణకని జ ఉన్న మాటను ఒక్కదాన్ని రానియ్యకపోయేది. 'జంగ్' అనే కాడ 'లడాయి', 'మజ్లిస్' అనే కాడ 'మెహఫిల్'. బియ్యంల రాళ్లు ఏరినట్టు జ లు ఏరేది. ఆయనకు ఆ సంగతి తెల్వదు. ఆయనకు కప్పులొచ్చినయి. నాకు ఆయన పక్కన నడిచే మర్యాద వచ్చింది.

రెండో ఏడు వానలు ఎనకబట్టినంక కాలేజీలన్నిటికి పెద్ద పోటీ పెట్టిండ్రు. గురువారం పోటీ. ఆ వారమంతా నేను రాసుడు, ఆయన బట్టీ కొట్టుడు. కప్పు మళ్ల ఆయనకే వచ్చింది. శుక్రవారం పొద్దుగాల నా చేతికి ఒక కార్డు ఇచ్చిండు. "గిప్పుడే వచ్చింది తమ్మి" అన్నడు. మా దిక్కు పిలగాండ్ల ఉత్తరాలన్ని పోస్టాయన ఆయనకే ఇచ్చిపోయేది. మా పట్వారి చేతిరాత. 'మీ అవ్వకు జరం వస్తున్నది. నిన్ను సూడాలంటున్నది. ఒకసారి వచ్చి పో.' నన్ను కన్న తల్లి. ఉన్న బట్టల మీదనే కాచిగూడ స్టేషన్‌కు ఉరికిన.

బండిల కూసొని ఆ కార్డును ఎన్నిసార్లు చదివిన్నో. నాలుగు మాటలే. చదవనీకి ఇంకేం లేక, ముద్రల దిక్కు చూసిన. ఒకటి మా దిక్కు పోస్టాఫీసుది. రెండోది పట్నంల హాస్టల్ కాడి పోస్టాఫీసుది. దాని మీద సోమవారం తారీఖు ఉన్నది. మొదట నాకు అర్థం కాలే. పోస్టోళ్లు ముద్ర తప్పేసిండ్రనుకున్న. కామారెడ్డి దాటినంక కార్డును కిటికి వెలుగుకు పట్టి మళ్ల చూసిన, సోమవారమే. సోమవారం పొద్దున కార్డు ఇస్తే నేను ఆ దినమే బండెక్కేది. గురువారం పోటీకి ఎవరు రాసిచ్చేది మరి?

శనివారం పొద్దుగాల ఇంటికి చేరేవరకు అవ్వ కాష్టం బూడిద చల్లారింది. గురువారం మధ్యాహ్నం పోయిందట. పట్నంల మేము చప్పట్లు కొడుతున్న జాములనే. అక్క నన్ను పట్టుకొని ఏడ్వలే. ఏడ్చి ఏడ్చి అయిపోయింది ఆమెకు. "దర్వాజ దిక్కే సూసుకుంట పండుకునేది తమ్మి. కాలువ కట్ట మీద బండి సప్పుడైతె నువ్వే అనేది. నీకోసం మక్కకంకులు దాసిపెట్టుమన్నది" అన్నది. ఇంటి మూలకు కంకులు ఎండి ఉన్నయి. బాపు ఒక్కమాటనే అడిగిండు, "కార్డు అందలేదా కొడుకా?" అని. ఆలస్యంగ అందిందని చెప్పిన. అది అబద్ధం కాదు.

దినాలు చేసుకొని, గుండుతోని హాస్టల్‌కు పోయిన. అన్న నా భుజం మీద చెయ్యేసి ఓదార్చిండు. "కార్డు ఎప్పుడొచ్చిందన్న?" అని అడిగిన. కన్ను కూడ ఆర్పలే. "నీకిచ్చిన దినమే గద" అన్నడు. ఆయన అప్పుడు నిజం చెప్పి ఉంటే ఏమైతుండెనో నాకు తెల్వదు. కొట్టేదేమో. ఏడ్చేదేమో. ఆ అబద్ధం ఇన్నంక మాత్రం నా లోపల అంతా నిమ్మళమైంది. చాయ్ తాగిన. క్లాసుకు పోయిన. నోట్సు రాసుకున్న.

మూడు నెలలాగిన. చలికాలం సెలవులల్ల యూనివర్సిటీ విద్యార్థులు కొందరు జిల్లాలకు పోయి సభలు పెట్టాలని అనుకున్నరు. నిజామాబాద్ సభల అన్నే మాట్లాడాలె. సొంతూరు, హైస్కూలు హాలు, ముందు వరుసల వకీలు గారు. సభకు పెద్ద, పేరు చివర జంగ్ బహదూర్ అని సర్కారు బిరుదు ఉన్న ఒక అధికారి. ఆయన దయ ఉంటే చదువు కాంగనే తాసిల్దారు నౌకరి వస్తదని తండ్రీకొడుకుల ఆశ. "తమ్మి, ఈసారి నీ పానం పెట్టి రాయాలె" అన్నడు అన్న. పెట్టిన.

అంత మంచి ఉపన్యాసం నేను మళ్ల రాయలే. ఒక్క అక్షరం తప్పు లేదు. ఏ మౌల్వీకి చూపిచ్చినా శభాష్ అంటడు. ఇన్నాళ్లు చేసిన ఒక్క పని మాత్రం మానేసిన. జ లు ఏరలే. ఆ అధికారిని 'జలీల్' అని పొగిడిన, ఒకటి కాదు, ఏడు తావుల. ప్రతిసారి ఆయన బిరుదును నిండుగ రాసిన. వణకని జ తోని జంగ్ అంటే యుద్ధం. వణికిస్తే అది తుప్పు.

బండిల పోతుంటే అన్న కిటికి కాడ నిలబడి నాకు అప్పజెప్పిండు. మొదటి మాటకే వణికిచ్చిండు. నేను ఇంటున్న. కామారెడ్డిల ఒకసారి మొత్తం అప్పజెప్పిండు, డిచ్‌పల్లి కాడ ఇంకోసారి. "ఎట్లున్నది తమ్మి? ఏమన్న తప్పుంటే చెప్పు" అని నా మొఖం దిక్కు చూసిండు. ఆ చూపుల నమ్మకం తప్ప ఇంకేం లేకుండె. చెప్పనీకి నాకు ఇంకా అర్ధగంట టైమున్నది.

"మంచిగున్నదన్న. గిట్లనే చెప్పు" అన్న.

సభకు చాచాను నేనే పిలుచుకొచ్చిన. ఎందుకని అడిగితే, ఇంత పనితనాన్ని గుర్తుపట్టేటోడు ఒక్కడన్న ఉండాలని నాకు ఆశ. ఎనక వరుసల ఆయన పక్కన కూసున్న. అన్న లేసిండు. కొత్త షేర్వానీ, గులాబి పువ్వు. గంట మోగినట్టు మొదలువెట్టిండు. మొదటి 'జలీల్'కు, చెవులు తప్పినయేమో అన్నట్టు జనం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. రెండోదానికి కిటికిల కాడ నిలబడ్డ అత్తర్లు అమ్మేటాయన ఒకడు కిసుక్కుమన్నడు. జంగ్‌ను వణికిచ్చి, బిరుదును 'తుప్పు బహదూర్' చేసి పలికినప్పుడు హాలంతా గొల్లుమన్నది. అన్న అది మెప్పు అనుకున్నడు. చెయ్యి పైకెత్తి, అదే మాటను ఇంకింత గట్టిగ, ఇంకింత వణికిచ్చి పలికిండు. వకీలు గారు రుమాలుతోని మెడ తుడుసుకుంటున్నరు. కోర్టుల నోటితోని బతికే మనిషి. కొడుకు దిక్కు చూస్తలేడు, నేల దిక్కు చూస్తున్నడు.

ఆరోసారికి ఆ అధికారి చెయ్యెత్తి ఆపిండు. కోపం లేదు ఆయన మొఖంల. "బేటా, మేము ముసలోళ్లమైనం, ఒప్పుకుంటం. ఇంకా తుప్పు పట్టలేదు" అన్నడు. ఆ నవ్వు ఎంతసేపు నడిచిందో. అన్నకు అప్పుడు తెలిసింది. ఆయన అధికారి దిక్కు చూడలే, తండ్రి దిక్కు చూడలే. ఎనక వరుసల నా కోసం ఎతికిండు. దొరికిన. నేను చూపు తిప్పుకోలే. అట్లాంటి సంతోషం నాకు పెండ్లినాడు లేదు, కొడుకు పుట్టిననాడు లేదు.

చాచా నవ్వలే. బయటికొచ్చి ఖిల్లా రోడ్డు దిక్కు నడుస్తుంటే అడిగిండు, "రాసింది నువ్వే గద?"

"ఔ చాచా."

"తెలిసే రాసినవు."

కార్డు ముచ్చట మొత్తం చెప్పిన. అవ్వ గురించి చెప్తుంటే ఆయన నిలబడిపోయిండు, నా తల మీద చెయ్యి పెట్టిండు. మళ్ల నడుసుకుంట, "నీ పగ తీరిందా?" అన్నడు.

"తీరింది."

"సరే. నేను నీకు జ నేర్పింది పలకనీకి. ఇగ నా దగ్గర నీ చదువు అయిపోయింది" అన్నడు. చాయ్ ఎప్పటిలెక్కనే పోసిచ్చిండు, బిడ్డ లెక్కనే చూసుకున్నడు. ఆ తర్వాత ఆయన బతికిన నాలుగేండ్లల్ల, నాతోని మళ్ల ఒక్క పేజీ చదివిచ్చుకోలే.

సెలవులైనంక అన్న హాస్టల్‌కు సామాను తీసుకపోనీకి వచ్చిండు. చదువు సాలని వకీలు గారు మాన్పిచ్చిండ్రు. నిజామాబాద్‌ల పిలగాండ్లు తుప్పు బహదూర్ అని ఎంటబడుతున్నరట. పెట్టె సర్దుకుంట, "నువ్వు నాకు ఏం చేసినవో నీకు తెలుసా?" అన్నడు. నేను కార్డు తీసి, ముద్ర కనబడేటట్టు ఆయన మంచం మీద పెట్టిన. చేతిలకు తీసుకొని ముద్ర మీది తారీఖు చదివిండు.

"జరం అనే రాసిండ్రు. గంత పెద్ద బీమారని రాయలే. నాలుగు దినాలే గద అనుకున్న" అన్నడు.

"మా అవ్వకు ఆ నాలుగు దినాలే ఉండె" అన్న.

ఒకప్పుడు ఆయన ఇచ్చిన షేర్వానీ ఇప్పి ఆయన పెట్టె మీద పెట్టిన. తీసుకోకుండనే పోయిండు.

ఆయన బోధన్ దిక్కు పోయి చెరుకు యవుసం చేసిండు. చక్కెర ఫ్యాక్టరీ వచ్చినంక బాగనే పైకొచ్చిండు. సభలు, వేదికలు మాత్రం మళ్ల ఎక్కలేదని ఇన్న. చాన ఏండ్లకు మా బాపు చచ్చిపోయిండు. కబురు అందంగనే, చుట్టాలకంటె ముందు బోధన్ నుంచి అన్న బండి వచ్చింది. కాష్టం దాక పాడె మోసిండు. వాగుల స్నానం చేసొచ్చి, తడిబట్టల మీదనే నా ముందట నిలబడి, "తమ్మి" అన్నడు. నేను పలుకుతనని చానసేపు చూసిండు. ఊరోళ్లు చూస్తున్నరు. మా అక్క కండ్లతోనే సైగ చేసింది. నేను పలకలే. ఆయన కూడ పోయి ఇప్పటికి ఇరవై ఏండ్లు.

వయసు మీద పడ్డంక మతిమరుపు పెరిగింది. మా ఇంట్ల అవ్వ ఫోటో ఒక్కటి లేదు, ఆమె మొఖం యాది చేసుకుందామంటే కండ్ల ముందరికి వస్తలేదు. నిలబడ్డ తీరు వస్తది, కొంగు రంగు వస్తది, మొఖం రాదు. తడిబట్టల మీద నిలబడ్డ ఆయన మొఖం మాత్రం నీళ్ల చుక్కలతో సహా కనబడుతది. కాలం ఎవరిని తీసుకపోవాల్నో, ఎవరిని ఇడిసిపెట్టాల్నో నన్ను అడగలే.