బ్రేకుల గురించి బావకు చెప్పని మాట

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. అన్నం తింటుంటే అడ్డం పడుతుంది, నలుగురిలో నవ్వుతుంటే అడ్డం పడుతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే దమ్ముంటే ఈ గోలంతా ఎందుకు?

మాది సూర్యాపేట. ఒకప్పుడు నాకు తిరుగుళ్ల పిచ్చి. కొత్త వ్యాన్ కొని, వెనక సీట్లు తీయించి, మంచం, అల్మారా, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాను. ఇంటిని వెంటేసుకుని తిరిగే బండి అన్నమాట. మోజు తీరాక మిర్యాలగూడలో ఉండే మా బావకు, అంటే అక్క భర్తకు, అమ్మేశాను. ఇంటివాళ్లమే కదా అని కాగితాలు ఆయన పేరు మీదకు మార్పించలేదు. బండి ఆయనది, పేరు నాది, కాగితాల్లో రాసిన ఫోన్ నంబరూ నాదే.

బావా బామ్మర్దుల పరాచికాలు మీకు తెలియనివి కావు. పెళ్లి పందిట్లో అయినా, దినాల దగ్గరైనా బావది ఒకటే పాట. "మా బామ్మర్ది నాకు డొక్కు బండి అంటగట్టిండు." అందరూ నవ్వేవారు. కడుపులో మండుతున్నా నేనూ నవ్వేవాణ్ణి. నా బండి బంగారం అని మీసం మెలేసేవాణ్ణి.

ఒకరోజు బండి తయారుచేసిన కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి. ఆ రకం బండ్ల బ్రేకుల్లో ఏదో లోపం బయటపడిందట, అన్నిటినీ వెనక్కి పిలిపించి ఉచితంగా బాగుచేస్తున్నారట, అంతవరకు దూరాలు తిప్పవద్దట. సరేనమ్మా అన్నాను. బావకు చెప్పాలని నంబరు కూడా తీశాను. అంతలో ఆయన నవ్వు చెవిలో మోగింది. ఈ సంగతి తెలిస్తే నన్ను బతకనిస్తాడా? రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు, ఎల్లుండి, వచ్చే వారం. చెప్పకుండా ఉండటానికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు చూశారా, ఊరికే ఉంటే చాలు, రోజులు వాటంతటవే గడిచిపోతాయి.

తర్వాత కోదాడలో చుట్టాల పెళ్లి. అక్కా బావా అదే బండిలో వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. బయల్దేరేముందు నేను చేసిన ఘనకార్యం చెప్పనా? నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాను. దిష్టి పోతుందన్నాను. నోటితో చెప్పాల్సిన సంగతిని తీసుకెళ్లి నిమ్మకాయలకు అప్పజెప్పాను. థూ, నా బతుకు!

పెళ్లి భోజనం చేసి, నేనూ రెండు రోజులు అక్క ఇంట్లో ఉందామని, మిర్యాలగూడ దారి పట్టాం. కోదాడ దాటగానే బావ ముఖం చిట్లించాడు.

"బామ్మర్దీ, బ్రేకు జర లోపలికి దిగుతుంది. నీ దగ్గరున్నప్పుడు గిట్ల అయిందా?"

"లేదు బావా. నీళ్ల ట్యాంకు నిండుగుంది గదా, బరువుకు గట్లనే ఉంటది."

"పక్కకు ఆపి ఎవరికన్న సూపిద్దామా?"

"ఏం గాదు, పోనియ్."

పోనియ్ అన్నాను. ఆ క్షణంలో కూడా చెప్పి ఉండవచ్చు కదా? అప్పటికి సిగ్గు రెండింతలైంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలి?

చిలుకూరు దగ్గర వరి నాట్లకు వెళ్లే కూలీల ఆటో ఒకటి అడ్డం తిరిగింది. బావ బ్రేకు తొక్కాడు. తొక్కుతూనే ఉన్నాడు. "పడ్తలేదు, పడ్తలేదు" అని అరిచాడు. నేను సీటు గట్టిగా పట్టుకున్నాను, అంతే, ఇంకేం చేయగలను? ఆటోను తప్పించి బండిని రోడ్డు పక్క మోరీ గోడకేసి కొట్టాడు. ఆటోలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. మాకు నీళ్లు ఇద్దామని వెనక లేచి నిలబడిన అక్క పడిపోయింది. ఆమె కుడిచెయ్యి అల్మారా కింద నలిగిపోయింది.

దవాఖానలో, బ్రేకు తేడాగా ఉందని దారిలోనే తెలిసిందని బావే చెప్పేసరికి, మా అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. "బ్రేకు సక్కగ లేదని తెలిసి గూడ నడిపి నా బిడ్డ చెయ్యి పోగొట్టినవ్" అని ఏడ్చింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. బామ్మర్ది పోనియ్ అన్నాడని ఒక్క మాట అనలేదు. కొబ్బరిబోండాం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. చెప్పాలనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. బోండాం అక్కకిచ్చొస్తానని లోపలికి జారుకున్నాను.

కొన్నాళ్లకు ఆ కంపెనీ అమ్మాయే మళ్లీ ఫోన్ చేసింది, బండి ఇంకా తీసుకురాలేదేమని. బండి లేదమ్మా అని పెట్టేశాను. అప్పటికే దాన్ని తుక్కుకు వేశారు.

సంక్రాంతికి అక్క సకినాల పిండి చుడితే ఇరుగుపొరుగు చూడటానికి వచ్చేవారు. ఇప్పుడా వేళ్లు ముడుచుకోవు. ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంది. బావ మళ్లీ స్టీరింగు ముట్టలేదు. పరాచికాలు కూడా మానేశాడు. ఏ మాటకు భయపడి నోరు మూసుకున్నానో ఆ మాట ఆయన ఒక్కసారి అంటే బాగుండునని, డొక్కు బండి అని నలుగురిలో నన్ను వెక్కిరిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. అనడు.

మొన్న మిర్యాలగూడ బస్టాండు దగ్గర బావను నా బైకు మీద ఎక్కించుకున్నాను. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడు.

"మెల్లగ పోనియ్ బామ్మర్దీ. బ్రేకు జర తేడాగున్నా ఆపెయ్. నా లెక్క తప్పు చెయ్యకు."

ఇల్లు వచ్చేలోగా చెప్పేద్దామనుకున్నాను. ఇల్లు వచ్చింది. అక్క గుమ్మంలోకి వచ్చి ఎడమచేత్తో నీళ్ల చెంబు అందించింది. తీసుకుని తాగాను.

తప్పు బావది కాదు. ఫోన్ నాకు వచ్చింది, నేను చెప్పలేదు. ఇంతవరకు ఈ మాట నా నోటి నుంచి బయటికి రాలేదు. ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్పాను, ఇప్పటికి నా చేతనైంది ఇంతే.