అడగకుండా గీసిన గీత

మాకు నర్సింగ్ పాఠాలు చెప్పిన మేడమ్ పోయారని కార్ఖానా ఏరియాలో ఉన్న వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మాలాంటి మొద్దులను ఇంకో పదేళ్లు తిట్టాల్సిన మనిషి.

తిట్టడంలో ఆవిడది అందెవేసిన చేయి. బోర్డు మీద శరీరభాగాల పేర్లు రాస్తే మేము పుస్తకాల వెనక ముఖాలు దాచుకునేవాళ్లం. నవ్విన పిల్లను లేపి, ఆ పేర్లే గట్టిగా చదివించేవారు. "మీ సిగ్గు పేషెంటుకి మందు కాదమ్మా" అనేవారు. మాకు మాత్రం పెళ్లయిన ఆడదాన్ని ఆ సంగతులు అడగడం మర్యాద కాదని గట్టి నమ్మకం. కేసు షీటులో లైంగిక ఆరోగ్యం అన్న గడిలో ఏమీ అడగకుండానే గీత గీసేసేవాళ్లం. హాస్టల్లో సీనియర్లు నేర్పిన పద్ధతి అది.

మూడో ఏడాదిలో రెజిమెంటల్ బజార్ నుంచి ఒకావిడ రక్తస్రావంతో వార్డుకు వచ్చింది. మెడ మీద వేళ్ల గుర్తులు. ఆమె నోరు తెరవకముందే మొగుడు అందుకున్నాడు. "బాత్రూంల జారి పడ్డది. పొద్దుగూకంగ ఇంటికి తీస్కపోతా." నేను అదే రాసి, ఆ గడిలో గీత గీశాను.

మేడమ్ షీటు చూశారు, మెడ చూశారు. వాణ్ణి బయటికి పంపి, తెర లాగి, "అడుగు" అన్నారు నాతో. నేను షీటు మీదికి తల వంచేశాను. చివరికి ఆవిడే అడిగారు. "నువ్వు వద్దన్నా బలవంతం చేస్తున్నాడా అమ్మా?"

తెర చిరిగింది. "నా పెండ్లాన్ని గసొంటివి అడుగుతవా?" అంటూ వాడు సెలైన్ స్టాండు ఎత్తి మేడమ్ ముఖం మీద కొట్టాడు. కనుబొమ చిట్లింది. కింద పడ్డ మనిషిని డొక్కలో తన్నాడు. వార్డ్ బాయ్‌లు వచ్చి పట్టుకునేలోపు ఇంకోసారి తన్నాడు. నేను గోడకు అతుక్కుపోయి చూస్తూ నిలబడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఇవాళ ఏ పేషెంటునైనా ఆ ప్రశ్న అడగగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

వాణ్ణి ఈడ్చుకెళ్లి పోలీసులకు అప్పగించారు. డాక్టరు కుట్లు వేయడానికి వస్తే, మేడమ్ నుదుటికి దూది నొక్కుకుని ఆగమన్నారు. "ఆమె ఇంకా జవాబు చెప్పలేదు," అని నా వైపు తిరిగారు. "అడుగు."

అడిగాను. సగంలో ఆగిపోయాను. మళ్లీ మొదటినుంచి అడిగాను. ఆమె నా వైపు చూడలేదు, నేల మీద మేడమ్ రక్తాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మంచం అంచు పట్టుకుని లేచి కూర్చుంది.

"జెర మెల్లగ చెప్తా," అంది. "అన్నీ రాస్కో బిడ్డా."