పైమన్ను

ఈ ఉదయం మా గుమ్మంలో నిలబడ్డ మనిషికి మోకాళ్ల దాకా నల్లమన్ను. ఆదోని బస్సు దిగేసరికి ఎండిపోయి, పెళ్లలుగా రాలుతోంది. "మీ మామ రాత్రి పోయినాడు పాపా. గుంత తీసి వస్తాండా. అమ్మను పిలుసు," అన్నాడు. ఎడమచేత్తో తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

మా మేనమామ ఆలూరు దారిలోని రెండెకరాల రేగడి చేను వదిలి, గోదావరి దగ్గరి బొగ్గు గనిలో ఆరేళ్లు బుల్డోజరు నడిపాడు. అక్కడ ముందు పైమన్ను గీకి వేరే కుప్ప పోయాలి. తర్వాత రాళ్లు పేల్చి బొగ్గు తీయాలి. చివర ఆ మన్నే మళ్లీ పైన పరచాలి. మేస్త్రీకి అంత ఓపిక లేదు. ఒక ముసలి రైతు తన జొన్నచేలో అడ్డంగా పడుకుంటే, మేస్త్రీ మనుషులు కట్టెలతో కొట్టి పక్కకు ఈడ్చేశారు. మామ బండి ఆపలేదు. పైరునూ మన్నునూ కలిపి గుంటలోకి తోసి, మీద రాళ్లు పోశాడు.

"కంకి మీద ఉండంగనే తోసినాను పాపా. ఆ తాత నోట్లో రక్తం, నా సేతిలో గేరు." ఆ మాట అన్న రోజు అన్నం ముట్టేవాడు కాదు.

ఆ ఏడే పని మానేసి వచ్చాడు. కాన్వెంటు సెలవులకు ఊళ్లోనే ఉన్న నేను సద్దిగిన్నెతో ఆయన వెంట చేనుకు వెళ్లాను. పక్క చేను ఆయన, మా మామ చేలోని పైమన్ను మోకాలిలోతు తవ్వి, ఇటుకబట్టీకి బండిలో ఎత్తుతున్నాడు.

"ఏమప్పా, నేను సచ్చినాననుకుంటివా?"

"మన్నే కదన్నా, బంగారమా?" అని ఆయన నవ్వాడు.

మామ పార తిరగేసి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కింద పడ్డాక కూడా తన్నాడు. ఆయన నోట్లో రక్తం కనబడ్డాకే మామ ఆగాడు. అంతలోనే ఆయన్ను భుజాన వేసుకుని రోడ్డుకు పరుగెత్తాడు. "సావొద్దురా నా కొడకా, సావొద్దు," అని ఆదోని ఆస్పత్రి దాకా తిడుతూనే ఉన్నాడు.

ఆ గుంటలు పూడ్చడానికి నాలుగు వేసవులు చెరువు మన్ను తోలాడు. సాయంత్రం చేను దాటే ముందు గట్టు మీద కూర్చుని, కాళ్లకంటిన మన్నును గోటితో గీకి చేలోనే రాల్చేవాడు. నా పుస్తకం మీది దుమ్మునూ అక్కడే దులపమనేవాడు.

ఈ మధ్యాహ్నం మామను ఆ చేలోనే పూడ్చాం. గుంతకు ఒక పక్క పైమన్ను, ఇంకో పక్క అడుగుమన్ను, రెండూ కలవకుండా పోసి ఉన్నాయి. పైమన్నును చివరన వేశారు.

తవ్వింది పక్క చేను ఆయనే. విరిగిన కుడిచెయ్యి ఆయనకు సరిగ్గా అతకలేదు.