వల వదిలినవాడి భార్య

ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, మా ఊరి ఒడ్డుకి, ఏటా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి ఇబ్బంది కలగకూడదని చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా దగ్గరి సముద్రంలో వేట ఆపించేస్తారు. అప్పుడు మా మగవాళ్ళు మూటలు కట్టుకుని కేరళ బోట్ల మీద పనికి పోతారు. అలా దూరదేశం కూలికి పోవడాన్ని ఒడియావాళ్ళు దాదన్ అంటారు, తెలుగు జాలర్లమైన మేమూ అదే మాట అంటాం. తాబేళ్ళ సంసారాలు చల్లగా ఉండాలని మా సంసారాలు చెదరగొట్టారని నేనొకసారి అందరి ముందూ అనేశాను. నవ్వారు గాని, కాదన్నవాళ్ళు లేరు.

నాకు పిల్లలు లేరు. ఈ సంగతి ముందే చెప్పేస్తే తాబేళ్ళ మీద నా కోపం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళయిన ఏడాదే మా ఆయన బోటు పనికి వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. పాత ఊరిని సముద్రం తినేశాక సరుగుడు తోట వెనక కట్టించిన కాలనీలో రెండు గదుల ఇల్లు మాది. అత్త గంగమ్మకి మొక్కేది. నేను మా పుట్టింటి అలవాటు ప్రకారం ప్రభువుకి ప్రార్థన చేసేదాన్ని. మొక్కులు రెండయినా క్షేమంగా తిరిగి రావలసిన మనిషి ఒక్కడే కాబట్టి ఆ విషయంలో మాకు తగువు రాలేదు. తగువులకి వేరే విషయాలు చాలానే ఉండేవి.

నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. పెళ్ళిలో అమ్మ ఇచ్చిన తెలుగు బైబిలు పెట్టె అడుగున ఉండిపోయింది. ఆయన వెళ్ళిన ఆ మొదటి చలికాలం ఏమీ తోచక దాన్ని పైకి తీశాను. తెలిసినవాళ్ళని అడిగి అక్షరాలు నేర్చుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. గబగబా చదివేవాళ్ళకి కథ కనబడుతుందేమో. నాలా నత్తనడక నడిచేదానికి కథలో ఎవరు లేరో కూడా కనబడుతుంది. అందులోనూ, ఇంట్లో మనిషి లేనప్పుడు మరీను.

ఆదివారం మధ్యాహ్నాలు రేకుల షెడ్డులో ఆడవాళ్ళకి వాక్య పాఠం జరిగేది. పాస్టరుగారి భార్య చెప్పేవారు. ఆ రోజు పాఠం జాలర్ల గురించి. ప్రభువు ఒడ్డున నిలబడి పిలిచాడు, అన్నదమ్ములిద్దరూ వలలు అక్కడే వదిలేసి ఆయన వెంట నడిచారు. అందరూ స్తోత్రం అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"మరి ఆ యమ్మ ఏటి సేసినాది?" అని అడిగేశాను.

"ఏ అమ్మ?" అన్నారు పాస్టరమ్మగారు.

"అన్నదమ్ముల్లో పెద్దోడి పెళ్ళాం. ఆడి అత్తకి జొరం తగ్గించినట్టు రాసుంది గదా. అత్తున్నాదంటే పెళ్ళామున్నట్టే గదా. వొల ఒగ్గీసి ఎల్లిపోనాడు, బాగానే ఉంది. ఎల్లేటప్పుడు ఆ యమ్మకి ఒక్క మాటైనా సెప్పినాడా?"

షెడ్డంతా ఘొల్లుమంది. "ఓలమ్మో, దీనికి మొగుడి బెంగట్టుకున్నాదే!" అని వెనకనుంచి ఒకావిడ. పాస్టరమ్మగారు నవ్వలేదు. "మనకి అవసరమైతే దేవుడు రాయించి ఉండేవాడమ్మా. అవసరం లేనిదాని గురించి ఆలోచించకు" అన్నారు మెత్తగా. ఆవిడ మంచి మనిషి. ఆవిడ భర్త పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి అన్నం తింటాడు. అది ఆవిడ తప్పు కాదు.

అవసరం లేనిది. ఆ మాట ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. మొగుడు వెళ్ళిపోయాక ఒడ్డున మిగిలిన ఆడదానికి దేవుడి పుస్తకంలో చోటే లేకపోతే, రోజూ నేను చేసే ప్రార్థన ఎవరు వింటున్నట్టు? ఆమె దొరికేదాకా చదవాలనుకున్నాను. చివరి పేజీ దాకా దొరక్కపోతే పుస్తకం పెట్టెలో పెట్టేసి మళ్ళీ తియ్యకూడదనుకున్నాను. ప్రార్థన కూడా మానేద్దామనే అనుకున్నాను.

పక్కనే హుమ్మ మళ్ళలో పండే ఉప్పు పట్టించి చేపలు ఎండబెట్టడం అయ్యాక, సాయంత్రాలు గడప పక్కన కూర్చుని పైకే చదివేదాన్ని. అత్త ఎదురుగా గోడకి ఆనుకుని, మా వైపు ముసలమ్మలందరిలాగే నిప్పున్న కొన నోట్లోకి పెట్టుకుని చుట్ట పీల్చేది. నా వెతుకులాట ఆవిడకి తమాషాగా ఉండేది.

"ఏటే, ఆ యమ్మి దొరికినాదా?" అనేది నేను పుస్తకం ముయ్యగానే.

"నేదత్తా."

ఒకరోజు ఆ జ్వరం కథే మళ్ళీ చదివాను. అత్త చుట్ట బయటికి తీసింది.

"జొరం దిగిన ముసిల్ది లేసి ఆలందరికీ వొండి పెట్టినాదా? అయితే కూతురు ఇంట్లో నేదే. గంపెత్తుకుని సేపలమ్మడానికి ఎల్లుంటాది. కూతురుంటే జొరపుదాన్ని పొయ్యికాడికి రానిస్తాదేటి?"

అది ఆ కథలోవాళ్ళకి విశ్రాంతి దినం. ఆ రోజు బజారుండదు, గంపలెత్తరు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా చెప్పలేదు. ఎందుకంటే మొదటిసారి ఆమె నాకు కనబడింది: నెత్తిన గంపతో, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గంజాం బజారు దారిన నడుస్తూ. ఆదివారం పాఠంలో దొరకని మనిషి అత్త పొరపాటులో దొరికింది.

అలా చలికాలాలు గడిచాయి. వెతికేది ఆమెకోసమే అయినా దారిలో ఎందరో తగిలారు. పిల్లలు లేక, మాట పైకి రాక, మందిరంలో పెదవులు మాత్రం కదిపి ఏడ్చిన ఒకామె కథ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. తాగొచ్చిందనుకుని పూజారి కసిరాడని చదివితే, "ఆడి నోరు పడ" అని అత్త తిట్టింది. అంతకుముందు నా ప్రార్థనంతా ఆయన్ని పంపించు, బిడ్డనివ్వు అనే గోలే. తర్వాత్తర్వాత ఏమీ అడక్కుండా ఊరికే కూర్చోవడం అలవాటయింది. అడిగినవి రాలేదు గాని, కూర్చున్నప్పుడు ఎదురుగా ఎవరో ఉన్నట్టుండేది. పుస్తకం మూసేశాక మాత్రం మళ్ళీ మామూలే.

కిందటేడు మాఘమాసంలో అత్తకి ఆయాసం ఎక్కువై బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ ప్రాణంతో లేదు. మా ఆయన రైలు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. కర్మలయ్యాక మళ్ళీ బోటెక్కాడు. ఆయన్ని ఏమీ అనలేదు, అనడానికి ఓపిక లేకపోయింది. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడే గొంతు నాదొక్కటే. పైకి చదివితే నా గొంతుకి నాకే భయం వేసేది. పుస్తకం ముయ్యగానే ఒక్క క్షణం చెవి రిక్కించేదాన్ని. దొరికినాదా అని అడిగేవాళ్ళు లేరు.

ఈ మార్గశిరంలో దొరికింది. ఏ అద్భుతం దగ్గరా కాదు. ఒక అపొస్తలుడు రేవు పట్నం సంఘంవాళ్ళకి ఉత్తరం రాస్తూ, తన హక్కుల గురించి వాదులాడుతున్నాడు. మిగతావాళ్ళలాగా, ఆ పెద్ద జాలరిలాగా, భార్యను వెంటబెట్టుకుని తిరిగే హక్కు మాకు లేదా అని దెప్పుతున్నాడు. అంతే, ఒక్క మాట. నేను వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివాను. అతను ఆమెని ఒడ్డున వదిలెయ్యలేదు. వెళ్ళిన ఊరల్లా తీసుకెళ్ళాడు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, సంతోషంతోనే.

ఆగలేక, ఈ వెతుకులాటంతా తెలిసిన మా ఆయనకి ఫోన్ చేశాను. వెనక ఇంజను చప్పుడు.

"ఏటే, ఒంట్లో బాగుందా?"

"ఆ యమ్మి దొరికినాది. మొగుడు తనకూడా తీసుకెల్నాడట, ఊరూరూ. నువ్వు నన్ను తీసుకెల్తావా?"

ఇంజనుకి దూరంగా జరిగాడు కాబోలు, గొంతు స్పష్టంగా వచ్చింది.

"బోటు మనుసులందరం ఒక్క గదిలో తొంగుంటన్నాం. నువ్వెక్కడుంటావే? ఆయనకి సొంత పడవుండేది. మనకేటున్నాది?"

ఆ పడవ వదిలేశాకే తీసుకెళ్ళాడు అని నేననేలోపు అక్కడ ఎవరో కేక వేశారు, ఫోన్ పెట్టేశాడు.

పుస్తకం పెట్టెలో పెట్టలేదు. ఆమె దేవుడికి అవసరమైన మనిషే, నేనూ అంతేనని నమ్ముతున్నాను. నమ్మినా ఇల్లు ఖాళీగానే ఉంది, అబద్ధమెందుకు. గడపకి ఎదురుగా అత్త ఆనుకునే చోట గోడ ఇంకా నూనె మరకతో నల్లగా ఉంది. అటు తిరిగి కూర్చుని, ఆవిడకి వినబడేలా పైకే చెప్పాను.

"దొరికినాదత్తా. నువ్వన్నట్టే, ఇంట్లో నేదు."