బోరబండ ఆటోకి జి-ఫంక్షన్

మైత్రీవనంలో నిండు హాలును ఒంటిచేత్తో ఖాళీ చేయించిన మొనగాణ్ణి నేను. మంటలని అరవలేదు, పామును వదలలేదు. చేతిలో ఉన్నది ఒక్క మార్కరు. ఎలాగో చెబుతాను, మీరు మాత్రం లేచి వెళ్లకండి.

అప్పటికి కుర్రవాణ్ణి, స్టాటిస్టిక్స్ లెక్చరరుగా కొత్తగా రిటైరయ్యాను. ఇంట్లో ఉంటే మా ఆవిడ బెండకాయలు తరగమంటోందని, మైత్రీవనంలో డేటా సైన్స్ కోచింగ్ నడిపే సలీం భాయ్ దగ్గరికి పారిపోయాను.

“ప్రాబబిలిటీ చెప్తరా సార్?”

“ఏకంగా జి-ఫంక్షనే చెబుతానండీ! హైపర్‌జియోమెట్రిక్ శ్రేణులు కూడా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. డిస్ట్రిబ్యూషన్లన్నీ అందులో ఇమిడిపోతాయి. దాంతో నాది జీవితకాలపు కాపురం.”

నిజానికి కాపురం కాదు, పెళ్లిచూపులే. ఎమ్మెస్సీలో ఓసారి చూశాను.

“మస్తు! రేపు ఫ్రీ డెమో క్లాసు. పిల్లలు కూసుంటే ఉద్యోగం మీది. లేసిపోయిన్రంటే నేనేం జెయ్యలేను. జర సంభాళించుండ్రి.”

మర్నాడు హాలు కిటకిటలాడింది. “ఏ ప్రశ్నైనా అడగండి!” అన్నాను, వరాలిచ్చే దేవుడిలా.

ముందు వరుసలో ఫర్జానా అనే అమ్మాయి లేచింది. “సార్, బోరబండ షేర్ ఆటో కోసం రోజు నిలబడ్త. ఎంతసేపు నిలబడ్డా రాకపోయే ఛాన్స్ ఎంత?”

దీనికి మామూలు ఎక్స్‌పొనెన్షియల్ సూత్రం చాలు: నిలబడేకొద్దీ, ఆటో అప్పటికింకా రాకపోయే సంభావ్యత తగ్గుతుంది. కానీ ఒక్క ముక్కలో తేల్చేస్తే నా కాపురం ఏమైపోవాలి?

బోర్డు మీద పెద్ద జి గీశాను. దాని పక్కన రెండు వరుసల అంకెలు, డబుల్ డెక్కర్ బస్సులా. పైన ఎవరు, కింద ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి అది ఏ ఫంక్షనో తేలుతుంది. నేను కిందివాణ్ణి పైకెక్కించాను. దాంతో లోపల నిలబడ్డ సమయం, అంటే ఎక్స్, కాస్తా ఒకటి బై ఎక్స్ అయి, లెక్క మొత్తం శీర్షాసనం వేసింది. నేను గమనించలేదు.

“కాబట్టి, ఆటో రాకపోయే సంభావ్యత మొదట్లో సున్నా, నిలబడేకొద్దీ పెరుగుతుంది!”

హాలు చప్పట్లతో ఊగిపోయింది. “కరెక్ట్ సార్! గిదే మా స్టాపు!” అని వెనక నుంచి కేక. గుమ్మంలో సలీం భాయ్ బొటనవేలు ఎత్తాడు. నేను వంగి నమస్కారం కూడా పెట్టాను.

ఫర్జానా మాత్రం చప్పట్లు కొట్టలేదు. “సార్, మొదట్ల రాకపోయే ఛాన్స్ సున్నా అన్నరు. అంటే ఆటో వచ్చేసినట్టే గద?”

“వచ్చేసినట్టేనమ్మా.”

“మరి వచ్చిన ఆటో, తర్వాత రాకుండ ఎట్ల పోతది సార్?”

నేను మార్కరుకి మూత పెట్టాను.

“అది... అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చెబుతాను.”

ముందు నవ్వులు, తర్వాత కుర్చీల చప్పుడు, ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఖాళీ హాల్లోకి సలీం భాయ్ వచ్చాడు.

“నిజం చెప్పుండ్రి సార్. గా ఫంక్షన్ మీకు వచ్చా?”

“వచ్చు భాయ్. నిన్న సాయంత్రం నుంచి.”

ఉద్యోగం అక్కడితో సరి. కిందికి దిగి ఆటోల దగ్గరికి వెళితే ఫర్జానా అక్కడే ఉంది. మా ఇల్లూ ఆ దారిలోనే. ఇద్దరం నిలబడ్డాం. ఎంతకీ ఆటో రాదే!

“మీ లెక్కనే కరెక్టేమో సార్,” అంది నవ్వాపుకుంటూ.

చివరికి వచ్చింది, ఒక్క సీటుతో.

“మీరెక్కుండ్రి సార్. జల్ది! లేకుంటే వచ్చింది గూడ రాకుండ పోతది!”

డ్రైవరు పక్కన అరసీటు మీద వేలాడుతూ భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఒక్క ముక్కలో తేలే లెక్కకి ఈ జన్మలో జి-ఫంక్షన్ జోలికి పోను. అంతగా అవసరం పడితే, దాన్ని కూడా మింగేసే హెచ్-ఫంక్షన్ అని ఒకటుంది. అది వాడతాను.