బామ్మర్ది తడిపిన పల్లీలు

మా ఇంట్లో నా మాటకు విలువ లేదు. దూడ ఎందుకు చచ్చిందో నేను అప్పుడే చెప్పాను. ఇప్పటిదాకా ఒక్కరూ వినలేదు. అందుకే రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి. మేము అప్పుడూ ఇచ్చోడలోనే ఉన్నాం. నా భార్య తమ్ముడు కరీంనగర్ వైపు పల్లికాయ కొని, ఆడవాళ్ళతో ఒలిపించి పప్పు అమ్మేవాడు. ఎండుకాయ ఒలిస్తే వేళ్ళు పగులుతాయి, గింజ విరుగుతుంది. అందుకని కాయ మీద నీళ్ళు చల్లి తొక్క మెత్తబరుస్తారు. ఒలిచాక పప్పును మళ్ళీ ఎండబెట్టాలి. ఆ ఏడు ముసురు పట్టి ఎండే రాలేదు. అయినా అక్క మీది ప్రేమకొద్దీ ఒక బస్తా నింపి, బస్సు మీద వేసి పంపాడు.

మూతి విప్పితే వెచ్చటి ఆవిరి, ముక్కిన వాసన. గింజల మీద పచ్చటి బూజు.

"ఇవి పారెయ్యి," అన్నాను.

"మా తమ్ముడు పంపిండని కండ్లు మండుతున్నయా? నాలుగు గింజలకు గింత లొల్లా?" అన్నది నా భార్య.

మంచివి డబ్బాలో పోసింది. బూజువి కడిగి, ఆరబెట్టి, నూరి రోజూ బర్రె దూడకు కుడితిలో కలిపింది. ఆ దూడ ఆమెకు ప్రాణం. నన్ను చూస్తే తల తిప్పుకునేది, ఆమె కొంగు మాత్రం నమిలేది. కొన్నాళ్ళకు మేత ముట్టడం మానింది. బక్కచిక్కి చచ్చిపోయింది.

"నువ్వే వానల ఇడిసిపెట్టినవ్. గందుకే పాయె," అని ఏడ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో దూడను చంపినవాణ్ణి నేను.

బామ్మర్ది వచ్చినప్పుడు అడిగాను. "నీళ్ళు చల్లినవా, లేదా?"

"బావా, దూడ నీ మొఖం జూసి జడుసుకున్నది. నా పల్లీలనెందుకంటవ్?"

అందరూ నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూనే నా భార్య కూడా నవ్వింది. వాళ్ళింటి పెళ్ళిలో నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టిన సంగతి కూడా నాకు గుర్తుంది, అది వేరే.

తర్వాత పశువుల డాక్టరును అడిగాను. పల్లీల బూజులో విషం పుడుతుందని, కడిగినా ఎండబెట్టినా అది పోదని, దూడ దానితోనే పోయి ఉండవచ్చని ఆయన చెప్పాడు. ఇంటికొచ్చి అదే చెప్పాను.

"డాక్టరు దూడను జూసిండా?" అన్నది నా భార్య.

మరుసటి ఏడు కూడా బస్తా వచ్చింది. ఈసారి ఒలవని కాయ, చెవి దగ్గర ఊపితే గలగలలాడేంత ఎండినది. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. మేమిద్దరం అరుగు మీద కూర్చుని, వేళ్ళు నొప్పి పుట్టేదాకా ఒలుచుకుంటాం. నా నోట్లో చేదు గింజ పడితే మొహం చూసే పసిగట్టి, ఆమె నా చేతిలో ఒక మంచి గింజ పెడుతుంది. వాడి పల్లీల రుచి ఇచ్చోడ అంగడిలో దొరకదు, ఆ మాట ఒప్పుకోవాలి.

బామ్మర్దీ, ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. తప్పు నీ పల్లీలది కాకపోతే, ఆ ఏటినుంచి ఒలిచిన పప్పు పంపడం ఎందుకు మానేశావు? ఈసారి బస్తాతో పాటు నువ్వూ రా. మీ అక్క ఎదుట కూర్చుని, నవ్వకుండా, దానికి జవాబు చెప్పు.